తాతముత్తాతల చిరునామా... హబ్సిగూడ

హైదరాబాదులో తార్నాక కూడలి దాటి ఉప్పల్ వైపు సాగే రోడ్డు మీద కొద్ది దూరంలోనే మూడు జాతీయ పరిశోధనశాలలు తగులుతాయి. రసాయనాల సంగతి చూసే ఐఐసీటీ ఒకటి, భూగర్భాన్ని శోధించే ఎన్‌జీఆర్‌ఐ ఒకటి. మూడోది సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ఊరందరికీ అది సీసీఎంబీ. రోజూ ఆ గేటు ముందు నుంచి వేలమంది ఆఫీసులకూ కాలేజీలకూ పోతుంటారు. గోవా శిథిలాల్లో దొరికిన ఒక జార్జియా రాణి ఎముక, పంజాబ్ బావిలో బయటపడ్డ సిపాయిల పళ్లు, హిమాలయాల్లో గడ్డకట్టిన సరస్సు ఒడ్డునున్న అస్థికలు, అండమాన్ అడవి మనుషుల రక్తపు చుక్కలు, మన మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు కుటుంబాల నమూనాలు... అన్నీ డీఎన్‌ఏ పరీక్ష కోసం ఈ సంస్థ శాస్త్రవేత్తల చేతికి వచ్చినవే. మనం ఎవరం, ఎక్కడి నుంచి వచ్చాం అన్న ప్రశ్నకు పురాణాలు ఒక జవాబు చెబుతాయి, ఇంటి పెద్దలు ఒకటి చెబుతారు. హబ్సిగూడలో దొరికే జవాబు ఆ రెండింటితో కొన్నిచోట్ల కలుస్తుంది, కొన్నిచోట్ల ఢీకొంటుంది.

ఈ సంస్థ పుట్టింది పక్కవాళ్ల ఇంట్లోనే. ఇప్పటి ఐఐసీటీని అప్పట్లో రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అనేవారు. అక్కడి జీవరసాయన విభాగాన్నే 1977 ఏప్రిల్ 1న విడి కేంద్రంగా మార్చారు. పుష్ప మిత్ర భార్గవ దాని వ్యవస్థాపక డైరెక్టరు. సొంత భవనం సిద్ధమయ్యాక 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు. భార్గవకు సైన్సు ఎంత ఇష్టమో చిత్రకళ కూడా అంతే ఇష్టం. అందుకే ఎం.ఎఫ్. హుసేన్ కుంచె కూడా ఇక్కడికి చేరింది. సూక్ష్మదర్శినుల మధ్య బొమ్మలు ఎందుకని అడిగేవారికి భార్గవ దగ్గర ఒకటే మాట ఉండేది, అందం రెండింటిలోనూ ఉందని.

డీఎన్‌ఏను చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలని చాలామంది అనుకుంటారు. ఒక్కో పోగును చూడాలంటే నిజమే, అది 2 నానోమీటర్ల మందం మాత్రమే. కానీ కోట్లాది పోగులు ఒకచోట చేరితే మామూలు కంటికే కనిపిస్తాయి. ప్రయోగశాలలో రక్తాన్ని తీసుకుని ముందు ఎర్రకణాలను పగలగొట్టి పారబోస్తారు. వాటిలో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్‌ఏ కూడా ఉండదు. మిగిలిన తెల్లకణాల పొరలను సబ్బు లాంటి ద్రావణంతో కరిగించి, ప్రొటీన్లను విడగొట్టి, ఉప్పు చేర్చి, చివర్లో చల్లని ఆల్కహాల్ మెల్లగా పోస్తారు. అప్పటిదాకా నీళ్లలా ఉన్న గొట్టంలో తెల్లని నూగు తేలుతుంది. గొట్టాన్ని అటూ ఇటూ వంచితే ఆ నూగంతా ఒక ఉండగా ముడుచుకుంటుంది. మిల్లీలీటరు రక్తంలో వచ్చేది 30, 40 మైక్రోగ్రాములే. ముక్కు వంపు, గొంతు తీరు, నానమ్మ నుంచి వచ్చిన పిల్లికళ్లు, ముత్తాత నుంచి వచ్చిన జబ్బు, వీటన్నిటి మూలమూ ఆ తెల్లటి ఉండలోనే ఉంది. బడిపిల్లలు అరటిపండు, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బు, స్పిరిట్‌తో ఇదే పని చేసి చూడొచ్చు. అరటిపండు డీఎన్‌ఏ కూడా అచ్చం ఇలాగే తెల్లగా తేలుతుంది. మనిషికీ చెట్టుకూ వాడిన రసాయనం ఒక్కటేనన్న సంగతి పుస్తకంలో చదవడం వేరు, గాజుగ్లాసులో చూడటం వేరు.

కొలతల దగ్గర కాసేపు ఆగాలి. ఒక్క మానవ కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. అది ఇమిడి ఉన్న కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో నూరోవంతు కూడా ఉండదు. కండెకు నూలు చుట్టినట్టు, ప్రతి 147 అక్షరాల పొడవునూ హిస్టోన్లనే 8 ప్రొటీన్ల గుత్తి చుట్టూ ఒకటిన్నర చుట్టుకు పైగా చుట్టి, ఆ గుత్తులను మళ్లీ మడతలు పెట్టి, 46 క్రోమోజోములుగా సర్దుకుంటుంది కణం. అక్షరాలు నాలుగే, ఏ, టీ, జీ, సీ. ఒక పోగు మీద ఏ ఉంటే ఎదురు పోగు మీద టీ ఉంటుంది, జీ ఉంటే సీ ఉంటుంది. తల్లి నుంచి 305 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి దాదాపు అన్నే వస్తాయి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో 1952లో తీసిన ఎక్స్‌రే చిత్రం, ఆ మరుసటి ఏడు ఏప్రిల్ 25న వాట్సన్, క్రిక్ అచ్చు వేసిన ఒక్క పేజీ పైచిలుకు వ్యాసం మనకు ఈ జంట పోగుల ఆకారాన్ని చూపించాయి. మూడేసి అక్షరాల మాటలు ఏ అమైనో ఆమ్లాన్ని పిలుస్తాయో తేల్చినందుకు 1968లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో మన హరగోబింద్ ఖొరానా ఒకరు. మానవ జన్యుక్రమం పూర్తయిందని 2003లోనే ప్రకటించినా, యంత్రాలకు చిక్కని పునరుక్తుల భాగాలు ఇంకా మిగిలే ఉన్నాయి. నిజంగా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవగలిగింది 2022లో. మగవారిలో మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ అయితే 2023 దాకా ఆగింది.

ఇంత పొడవులో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 20 వేల దాకా ఉన్నాయి, మొత్తం అక్షరాల్లో వాటి వాటా ఒకటి రెండు శాతం. మిగతా దాన్ని ఒకప్పుడు చెత్త అన్నారు. అందులో కొంత భాగం ఏ జన్యువు ఎప్పుడు మేల్కోవాలో, ఎక్కడ ఊరుకోవాలో నడిపిస్తుందని ఇప్పుడు తెలుసు. కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్నది ఒకే రాత. కాలేయ కణం కంటికి సంబంధించిన పుటలను మూసి ఉంచుతుంది, అంతే తేడా. కణం రెండయ్యే ముందు ఈ రాత మొత్తాన్నీ నకలు తీసుకుంటుంది, తప్పులు దిద్దుకుంటుంది. అయినా కొన్ని మిగిలిపోతాయి. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లికీ తండ్రికీ లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. వాటిలో ఎక్కువ తండ్రి వైపు నుంచే వస్తాయి, తండ్రి వయసు పెరిగేకొద్దీ పెరుగుతాయి కూడా. ఈ చిన్న తప్పులే లేకపోతే వంశాలను వెతకడానికి ఆనవాలే ఉండేది కాదు.

ఆ ఆనవాళ్లను కోర్టు మెట్లెక్కించిన మనిషి లాల్జీ సింగ్. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెటూరి రైతు కుటుంబంలో 1947లో పుట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన పట్టుకున్న విషయం పాముల క్రోమోజోములు. పసుపు, నలుపు పట్టీల కట్లపాములో, ఆడ పాముకే ఉండే క్రోమోజోమ్ మీద ఒకే చిన్న మాట పదేపదే వచ్చే భాగం ఉందని ఆయన ఎడిన్‌బరోలో పనిచేస్తున్నప్పుడు బయటపెట్టారు. ఆ పునరుక్తి మనుషుల్లోనూ ఉంది. అది ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కనిపెట్టి ఉన్నారు. 1987లో సీసీఎంబీకి వచ్చిన లాల్జీ సింగ్ ఏడాది తిరిగేలోగా ఆ కట్లపాము ముక్కతోనే మన దేశానికి సొంత పద్ధతి తయారుచేశారు. కేరళలోని తలశ్శేరిలో బిడ్డ తండ్రి ఎవరన్న తగాదా ఒకటి కోర్టుకెక్కింది. తల్లి, బిడ్డ, తండ్రిగా చెబుతున్న వ్యక్తి, ముగ్గురి రక్తమూ హైదరాబాదుకు వచ్చింది. 1989లో కోర్టు ఆ ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకుంది. భారతదేశంలో డీఎన్‌ఏ సాక్ష్యానికి అదే నాంది. తర్వాత రాజీవ్ గాంధీ హత్య కేసు, ఢిల్లీ తందూరు హత్య కేసు కూడా ఆయన బల్ల మీదికే వచ్చాయి. ఈ పనులకే విడిగా సీడీఎఫ్‌డీ అనే సంస్థ హైదరాబాదులోనే వెలిసింది, ఇప్పుడు అది ఉప్పల్‌లో ఉంది. పల్లెలో పాముల్ని చూసి పెరిగిన ఒక పిల్లవాడి కుతూహలం ఇంత దూరం రావడం నాకు ఈ చరిత్ర మొత్తంలోకీ ఇష్టమైన ఘట్టం.

నేరస్తుల నుంచి పూర్వీకుల దాకా వెళ్లడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్ దీవుల ఓంగీ, గ్రేట్ అండమానీ తెగల తల్లి వరస డీఎన్‌ఏ చదివి 2005లో 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. ఆఫ్రికా నుంచి బయలుదేరిన తొలి మానవుల్లో ఒక పాయ వాళ్లదని, 50 వేల నుంచి 70 వేల ఏళ్ల నాడే మిగతా లోకం నుంచి విడిపోయిందని ఆ వ్యాసం చెప్పింది. 2009లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏలో ఒక్కొక్కరివి ఐదున్నర లక్షలకు పైగా గుర్తులు పరిశీలించారు. అందులో మన తెలుగు కులాలు, తెగలు చాలానే ఉన్నాయి. నేటి భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన జనధారల కలయికేనని తేలింది. ఆ బృందం వాటికి ఉత్తర, దక్షిణ భారత పూర్వీకులని పేరు పెట్టింది. ఉత్తరపు ధార వాటా ఒక సమూహంలో 39 శాతం ఉంటే మరోచోట 71 శాతం ఉంది. వంద ఉన్నవారు లేరు, సున్నా ఉన్నవారు ప్రధాన భూభాగంలో కనిపించలేదు. 2013లో వచ్చిన మరో వ్యాసం ఆ కలయిక ఇప్పటికి 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల మధ్య జరిగిందని లెక్కగట్టింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి, ఎవరి కులంలో వారు పెళ్లిళ్లు మొదలుపెట్టారు. పెళ్లి చూపుల్లో అందరూ సహజమనుకునే కులం గోడకు డీఎన్‌ఏ చెప్పే వయసు సుమారు రెండు వేల ఏళ్లు. అంతకుముందు కలిసినవాళ్లమే.

ఇక్కడే గోత్రం సంగతి వస్తుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మన ఇళ్లలో మొదటి ప్రశ్న అదే. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి నడిచే గోత్రం వై క్రోమోజోమ్‌ను పోలి ఉందనీ, కాబట్టి రుషులకు జన్యుశాస్త్రం తెలుసుననీ ఉపన్యాసాల్లో తరచూ వింటాం. పోలిక అందంగానే ఉంది. వై క్రోమోజోమ్ నిజంగానే దాదాపు మార్పు లేకుండా తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. అయితే దాని పొడవు 6 కోట్ల 20 లక్షల అక్షరాలు, అంటే తండ్రి ఇచ్చే మొత్తంలో 2 శాతం. మిగతా 98 శాతాన్ని గోత్రం లెక్కలోకే తీసుకోదు. దత్తతకు పోయిన కుర్రాడి గోత్రం మారుతుంది, డీఎన్‌ఏ మారదు. గురువు గోత్రాన్ని స్వీకరించిన కుటుంబాలూ ఉన్నాయి. పది తరాల నాడు విడిపోయిన సగోత్రీకులు ఇద్దరి మధ్య ఆ మూలపురుషుడి వై తప్ప మరే ముక్కా ఉమ్మడిగా మిగలకపోవచ్చు. అదే మేనమామ కూతురిని చేసుకుంటే గోత్రం వేరు, పంతులుగారికి అభ్యంతరం లేదు, కానీ ఇద్దరి డీఎన్‌ఏలో సగటున ఎనిమిదో వంతు ఒక్కటే. సొంత అక్క కూతురైతే నాలుగో వంతు. ధర్మశాస్త్రాలు సపిండ నియమంతో తల్లి వైపు కూడా ఐదు తరాలు వదలమన్నాయి, 1955 నాటి హిందూ వివాహ చట్టం తల్లి వైపు మూడు తరాలు వదలమంది. దక్షిణాదిలో ఆచారం ఆ రెండింటినీ దాటేసింది, చట్టం కూడా ఆచారానికి మినహాయింపునిచ్చింది. నా మటుకు నాకు గోత్రం ఒక గౌరవనీయమైన జ్ఞాపకం. పిల్లల ఆరోగ్యానికి దాన్నే హామీగా తీసుకోవడం మాత్రం ప్రమాదం.

తండ్రి వరసను మన సంప్రదాయం పేరు పెట్టి గుర్తుంచుకుంటే, తల్లి వరసను కణమే గుర్తుంచుకుంటుంది. కేంద్రకం బయట ఉండే మైటోకాండ్రియాలో 16,569 అక్షరాల చిన్న డీఎన్‌ఏ ఉంది. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ల అమ్మ, ఇలా వెళ్తే ఆ గీత ఇంటిపేర్లన్నిటినీ దాటుకుంటూ వేల ఏళ్లు వెనక్కి పోతుంది. మహాలయ పక్షాల్లో తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలతో పాటు అమ్మ తరఫు తాతల పేర్లు కూడా చెబుతారు, ఆడవారి పేర్లు కూడా తలుస్తారు. ముత్తాతల తరంలో ఒక్కొక్కరి నుంచి మనకు సగటున ఎనిమిదో వంతు చొప్పున డీఎన్‌ఏ వచ్చింది. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 మంది పూర్వీకులు లెక్కకొస్తారు. వారిలో చాలామంది నుంచి ఒక్క ముక్క కూడా మనదాకా చేరి ఉండదు. వాళ్లు లేకపోతే మనం లేము, అయినా మన ఒంట్లో వాళ్ల జాడ లేదు. అటువంటి పూర్వీకులకు దర్భ, నువ్వులు, నీళ్లే మిగిలిన బంధం.

శరీరం తల్లిదండ్రులిద్దరిదీ అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. చరక సంహితలోని శారీరస్థానం బిడ్డ పుట్టుకకు ఆరు మూలాలు చెబుతుంది. రక్తమాంసాల వంటి మెత్తని భాగాలు తల్లి వల్ల, ఎముకలు, పళ్లు, గోళ్లు, వెంట్రుకల వంటి గట్టివి తండ్రి వల్ల అంటుంది. ఆత్మ, అలవాటైన ఆహారవిహారాలు, రసం, మనసు మిగతా నాలుగు. మెత్తనివి అమ్మవి, గట్టివి నాన్నవి అన్న పంపకం తప్పని ఇప్పుడు తెలుసు, ప్రతి ఎముకలోనూ ఇద్దరి రాతా ఉంది. కానీ పుట్టుకతో వచ్చింది ఒక్కటే మనిషిని తయారుచేయదని, తిన్నదీ మెలిగినదీ కూడా చేరుతుందని గ్రహించడం ఆ కాలానికి గొప్ప చూపే.

ఇంకో వింత ఉంది. పెళ్లితో ఆడపిల్ల గోత్రం మారుతుందని అంటాం. పెళ్లితో ఆమె డీఎన్‌ఏలో ఏమీ మారదు. అయితే కొడుకును మోసిన తల్లి రక్తంలో ఆ కొడుకు కణాలు కొన్ని వై క్రోమోజోముతో సహా ఉండిపోతాయి. ప్రసవమైన 27 ఏళ్ల తర్వాత కూడా ఒక తల్లిలో అవి కనిపించాయని 1996లో అమెరికాలో డయానా బియాంకీ బృందం ప్రకటించింది. బిడ్డ తల్లిని విడిచిపోదన్నది అమ్మల నోట వినే మాట. ఇది దానికి రుజువని నేను అనను, ఆ కణాలు అక్కడ ఏం చేస్తున్నాయో శోధన ఇంకా సాగుతోంది. కానీ చదివిన రోజు నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు.

మతవిశ్వాసం ఈ ప్రయోగశాల తలుపు తట్టిన సందర్భాల్లో కెటెవాన్ రాణి కథకు సాటి లేదు. జార్జియాలోని కఖేతి రాజ్యపు రాణి ఆమె. మతం మారనన్నందుకు 1624లో పర్షియా రాజు షా అబ్బాస్ ఆజ్ఞతో షిరాజ్ నగరంలో చిత్రహింసలు పెట్టి చంపారు. జార్జియా చర్చి ఆమెను పునీతురాలిగా కొలుస్తుంది. అగస్టీనియన్ సన్యాసులు ఆమె అస్థికల్లో కొన్నింటిని 1627లో గోవాకు తెచ్చి తమ చర్చిలో భద్రపరిచారని పాత పోర్చుగీసు పత్రాల్లో ఉంది. ఆ చర్చి కూలిపోయింది. పురావస్తు శాఖ ఓల్డ్ గోవా శిథిలాలను తవ్వినప్పుడు దొరికిన చేతి ఎముక హబ్సిగూడకు వచ్చింది. అందులోని తల్లి వరస డీఎన్‌ఏ యూ1బీ అనే శాఖకు చెందినదని తంగరాజ్, నీరజ్ రాయ్ బృందం గుర్తించింది. సీసీఎంబీ దగ్గరున్న వేలాది భారతీయుల నమూనాల్లో ఆ శాఖ లేదు, జార్జియా వారిలో ఉంది. 2021 జులైలో మన విదేశాంగ మంత్రి ఆ అస్థికను స్వయంగా టిబిలిసీకి తీసుకెళ్లి అప్పగించారు. ఎముక ఎవరిదై ఉండొచ్చో డీఎన్‌ఏ చెప్పింది. అది పూజనీయమా కాదా అన్నది చెప్పవలసిన బాధ్యత దానిది కాదు, చెప్పలేదు కూడా.

అజ్నాలా కథ మనసును పిండేస్తుంది. అమృత్‌సర్ దగ్గరి ఆ ఊళ్లో గురుద్వారా కింద కప్పబడిన పాత బావిని 2014లో తవ్వితే గుట్టలుగా అస్థికలు బయటపడ్డాయి. దేశవిభజన నాటి హతులని కొందరన్నారు. 1857లో తిరగబడి బ్రిటిష్ వారి చేతిలో హతమైన 26వ బెంగాల్ పదాతిదళం సిపాయిలని మరికొందరన్నారు. 50 నమూనాల డీఎన్‌ఏ, 85 నమూనాల ఐసోటోపులు పరీక్షించిన బృందంలో సీసీఎంబీ కూడా ఉంది. వాళ్లు పంజాబీలు కారు, గంగా మైదానం వాళ్లని 2022లో తేలింది. నూట అరవై ఐదేళ్లపాటు తర్పణం లేకుండా పడి ఉన్నవారికి ప్రాంతమైనా దొరికింది.

సైన్సు, మతవిశ్వాసం అనే ఈ రెండు లోకాలనూ భార్గవ ఎన్నడూ కలపనివ్వలేదు. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితమంతా పోరాడిన హేతువాది ఆయన. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని సైన్సుగా బోధించాలని యూజీసీ 2001లో తలపెడితే కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 2004లో ఆయన వాదనను తోసిపుచ్చింది, ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. సముద్రం అవతల మానవ జన్యుక్రమ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ భక్తుడైన క్రైస్తవుడు. 2000 జూన్ 26న శ్వేతసౌధంలో ముసాయిదాను ప్రకటిస్తూ అధ్యక్షుడు క్లింటన్, దేవుడు జీవాన్ని సృష్టించిన భాషను నేర్చుకుంటున్నామన్నారు. కాలిన్స్ కూడా ఆ అర్థం వచ్చే పేరుతోనే 2006లో పుస్తకం రాశారు. ఒకరు దేవుణ్ణి నమ్మలేదు, ఒకరు నమ్మారు. అక్షరాలను చదివే పద్ధతిలో మాత్రం ఇద్దరి మధ్యా రవ్వంత తేడా లేదు.

ఈ క్రమశిక్షణ లేనిచోటే చిక్కంతా. ధ్యానంతో మన రెండు పోగుల డీఎన్‌ఏ పన్నెండు పోగులవుతుందని, ఫలానా నాదం చెడిపోయిన జన్యువులను బాగుచేస్తుందని చెప్పే వీడియోలు తెలుగులోనూ బోలెడు. పన్నెండు పోగుల డీఎన్‌ఏ ఏ మనిషిలోనూ ఎవరూ చూడలేదు. భక్తికి ఒక జన్యువు ఉందని 2004లో డీన్ హేమర్ అనే అమెరికా శాస్త్రవేత్త పుస్తకమే రాశారు, దానికి సరైన సాక్ష్యం నిలబడలేదు. అలాగని ధ్యానానికీ కణానికీ సంబంధమే లేదనడమూ తొందరపాటే. ప్రాణాయామం, జపం వంటి సాధనలు చేసేవారిలో ఒత్తిడికి స్పందించే జన్యువుల పనితీరు మారుతోందని హార్వర్డ్‌కు చెందిన హెర్బర్ట్ బెన్సన్ బృందం 2008లో చూపింది. మూడు నెలల ధ్యాన శిబిరంలో ఉన్నవారి రక్తకణాల్లో టెలొమరేజ్ అనే ఎంజైము చురుకుదనం ఎక్కువగా ఉందని 2011లో మరో వ్యాసం వచ్చింది. క్రోమోజోముల కొసలను కాపాడేది ఆ ఎంజైమే, దాన్ని కనిపెట్టినందుకే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 2009 నోబెల్‌లో భాగస్వామి. ఇవి చిన్న అధ్యయనాలు. జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తుందన్నది మారింది, అక్షరం మారలేదు. ఈ తేడాను దాచిపెట్టి మందులు మానేయమని ఎవరైనా చెబితే అది ఆధ్యాత్మికత పేరిట చేసే ద్రోహం.

పూర్వజన్మ కర్మకు సైన్సు పెట్టిన పేరే ఎపిజెనెటిక్స్ అనే మాట కూడా ప్రచారంలో ఉంది. దీని అసలు సంగతి దుఃఖకరమైనది. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో నెదర్లాండ్స్ ఆకలితో అలమటించింది. ఆ రోజుల్లో గర్భం దాల్చినవారికి పుట్టిన పిల్లల్లో, అరవై ఏళ్ల తర్వాత కూడా ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వారి తోబుట్టువుల కన్నా తక్కువగా ఉన్నాయని 2008లో కనుగొన్నారు. తల్లి తిన్న తిండి, పడ్డ బాధ బిడ్డ కణాల మీద గుర్తు వేస్తాయనడానికి ఇది సాక్ష్యం. ఆ పిల్లలు ఏ పాపమూ చేయలేదు. చుట్టుముట్టినవారు తిండి ఆపేశారు. ఇందులోంచి కర్మ సిద్ధాంతం తీయడం కన్నా గర్భిణులకు అన్నం పెట్టాలన్న సంగతి తీసుకోవడం మేలు.

ఇంత చరిత్ర, తత్వం ఒక ఎత్తు, సీసీఎంబీ పని నేరుగా మన ఇళ్లకు చేరేచోటు మరో ఎత్తు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాలు అందులో 81 తేలాయి. అటువంటి సమూహాల్లో ఒక అరుదైన జన్యులోపం ఒకసారి చొరబడితే తరతరాలా తిరుగుతూనే ఉంటుంది. మన ఆర్యవైశ్యుల్లో ఇటువంటిది ఒకటి వైద్యులకు బాగా తెలుసు. శస్త్రచికిత్స ముందు కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరిచే ఎంజైము కొందరిలో ఉండదు. నిమిషాల్లో తగ్గవలసిన ప్రభావం గంటల తరబడి ఉండి, ఊపిరి కూడా తీసుకోలేక వెంటిలేటర్ అవసరమవుతుంది. ముందే తెలిస్తే వేరే మందు ఇస్తారు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. దక్షిణాసియా మూలాలున్నవారిలో సుమారు 4 శాతం మందికి గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించాయని 2009లో తంగరాజ్ బృందం భాగస్వామిగా ఉన్న అధ్యయనం గుర్తించింది. నడివయసులో వచ్చే గుండె బలహీనతకు అదొక కారణం. ఇవి ఎవరి కులానికీ మచ్చ కాదు. అన్ని సమూహాల్లోనూ ఏదో ఒకటి ఉంది, కొన్నింటిని ఇంకా వెతకలేదు, అంతే.

సీసీఎంబీకి వెళ్లాలంటే మెట్రోలో హబ్సిగూడ స్టేషన్‌లో దిగితే దగ్గర. పరిశోధనశాల కాబట్టి తోచినప్పుడు లోపలికి వెళ్లడం కుదరదు. ప్రజలకు తలుపులు తెరిచే ఓపెన్ డే ఉంటుంది, తేదీని సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటిస్తారు. ఆ రోజు పరిశోధక విద్యార్థులే దగ్గరుండి చూపిస్తారు, పిల్లలను తప్పక తీసుకెళ్లండి. హైస్కూలు పిల్లలకు యంగ్ ఇన్నోవేటర్స్ అనే కార్యక్రమం కూడా నడుపుతున్నారు. జన్యు వ్యాధుల పరీక్షలు సీసీఎంబీలోనూ సీడీఎఫ్‌డీలోనూ చేస్తారు, డాక్టరు రాసిన చీటీ కావాలి. పంజాగుట్ట నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, జెనెటిక్ కౌన్సెలింగ్‌కు అక్కడ మొదలుపెట్టడం తేలిక.

మేనరికం నిశ్చయమైన ఇంట్లో, లేదా అంతుపట్టని జబ్బుతో బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో, ముహూర్తం పెట్టుకునే ముందే ఆ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. మీ కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు చాలాసేపు దిగకపోయి ఉంటే, ఈసారి ఆసుపత్రిలో చేరినప్పుడు మత్తు డాక్టరుకు ఆ మాట ముందుగా చెప్పండి.